ఇండెంటు రాసే ముందు: చిన్న కాలేజీ ల్యాబ్‌కు పరికరాలు ఎలా ఎంచుకోవాలి

మార్చి దగ్గర పడిందంటే కాలేజీల్లో ల్యాబ్ సామాను మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొస్తుంది. ఏడాదంతా నిద్రపోయిన ఫైలు లేచి కూర్చుంటుంది. "నెలాఖరులోగా బిల్లు పాస్ కావాలి, లిస్టు రాసివ్వండి మాస్టారూ" అని ప్రిన్సిపాల్ గారు కబురు పెడతారు. బల్ల మీద అంబాలా నుంచి వచ్చిన లావుపాటి క్యాటలాగు సిద్ధంగా ఉంటుంది. హర్యానాలోని ఆ ఊరికి ప్రయోగశాల పరికరాల తయారీలో దేశమంతటా పేరుంది. ఆ క్యాటలాగు తిరగేసి, నచ్చిన బొమ్మ పక్కనల్లా టిక్కు పెట్టి ఇచ్చేస్తే పని అయిపోతుంది. డబ్బు కూడా అయిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని జూనియర్, డిగ్రీ కాలేజీల అధ్యాపకులు, ల్యాబ్ అసిస్టెంట్లు ఆ టిక్కులు పెట్టే ముందు, అంటే కొనాల్సిన సామాను పట్టిక (ఇండెంటు) రాసే ముందు చదువుకోవడానికి ఇది రాస్తున్నాను. ఉదాహరణకు ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబ్‌ను తీసుకుందాం. విద్యార్థులు తమ ఊళ్ల బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు, మీరు పరీక్షించి అంకెలు చెబుతారు. ప్రతి పరికరం దగ్గరా నేను అడగమనేది ఒకే ప్రశ్న: ఇది చూపించే అంకె నిజమో కాదో మీ గదిలోనే, మీ చేతులతోనే తేల్చుకోగలరా? తేల్చుకోలేనిది ఎంత ఖరీదైనదైనా లిస్టులోంచి కొట్టేయండి.

ముందు ప్రశ్న రాయండి, పరికరం పేరు తర్వాత

తెల్ల కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఏం కొలవాలో, రెండో గడిలో ఏ అంకె దగ్గర నిర్ణయం మారుతుందో, మూడో గడిలో ఎంత పొరపాటును భరించగలరో రాయండి. పరికరం పేరు ఎక్కడా రాయకండి.

రెండో గడి నింపడానికి తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. 2012 నాటి కూర్పు ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే నీరు దొరకకపోతే 2000 వరకు సహించవచ్చు. కాఠిన్యతకు 200, 600. ఫ్లోరైడుకు 1.0, 1.5. నైట్రేటుకు 45, అంతకు మించి సడలింపు లేదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

మూడో గడిని ఎవరూ నింపరు. అసలు డబ్బు ఆదా అయ్యేది అక్కడే. కాఠిన్యతనే చూడండి. 50 మిల్లీలీటర్ల నీటిని 0.01 మోలార్ ఈడీటీఏతో (కాఠిన్యతను కొలిచే రసాయనం) టైట్రేషను చేస్తే, అంటే దాన్ని రంగు మారేదాకా చుక్కచుక్కగా కలిపితే, బ్యూరెట్‌లో (గీతలున్న పొడవాటి గాజు గొట్టం) దిగిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 20 మిల్లీగ్రాముల కాఠిన్యతతో సమానం. బ్యూరెట్ 0.1 మిల్లీలీటరు తప్పు చూపినా జవాబులో వచ్చే తేడా 2 మిల్లీగ్రాములు. కాఠిన్యత 300 ఉన్న నీటిని 302 అన్నందువల్ల ఎవరికీ నష్టం లేదు. అంటే ఈ పరీక్షకు బి క్లాసు (కాస్త ఎక్కువ పొరపాటును అనుమతించే రకం) బ్యూరెట్ చాలు. ఫ్లోరైడు సంగతి వేరు. అక్కడ 0.9కీ 1.1కీ మధ్య గీత ఉంది. రెండింటికీ ఒకే నాణ్యత గల సామాను కొంటే ఒకచోట డబ్బు వృథా, ఇంకోచోట జవాబు వృథా.

ప్రశ్న మారితే పరికరం మారుతుంది. పలాస వైపు కాలేజీకి జీడిపప్పు తేమ కొలవడం ముఖ్యం కావచ్చు, అప్పుడు మంచి ఓవెనూ త్రాసూ కావాలి. సముద్రం పక్కన రొయ్యల చెరువులున్న మండలాల్లో ఉప్పదనం చూడటానికి చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు చాలు. డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా వస్తుందో లేదో చూస్తే దాని పరీక్ష అయిపోయినట్టే.

త్రాసు: దశాంశాల మోజు

త్రాసు కొనేటప్పుడు అందరూ అడిగేది దశాంశ స్థానాల గురించి. నాలుగు స్థానాలుంటే గొప్ప అనే నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. మీకు ఎన్ని కావాలో మీ పరీక్షలే చెబుతాయి. 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం లీటరు తయారుచేయడానికి 3.72 గ్రాముల లవణం తూచాలి. 0.01 గ్రాము చూపే త్రాసు మీద అది దాదాపు 0.3 శాతం పొరపాటు, పరవాలేదు. ఫ్లోరైడు ప్రామాణిక ద్రావణానికి (ఎంత ఫ్లోరైడు ఉందో ముందే తెలిసినది) లీటరుకు 0.221 గ్రాముల సోడియం ఫ్లోరైడు కావాలి. అదే త్రాసు మీద పొరపాటు నాలుగైదు శాతానికి ఎగబాకుతుంది. ఇక్కడ నాలుగు స్థానాల త్రాసు తప్పదు అనిపిస్తుంది. నిజానికి ఇంకో దారి ఉంది. లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ప్రామాణిక ద్రావణం సర్టిఫికెట్‌తో సహా సీసాలో దొరుకుతుంది. ఏడాదికో సీసా కొంటే ఆ త్రాసు అవసరమే తప్పిపోవచ్చు. నా సలహా అడిగితే చిన్న ల్యాబ్‌కు మిల్లీగ్రాము వరకు చూపే మూడు స్థానాల త్రాసు సరైన రాజీ.

నాలుగో స్థానం తనతో పాటు గదిని కూడా కోరుతుంది. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి, కదలని రాతి బండ కావాలి, తూచే వస్తువు గది వేడికి రావాలి. మే నెలలో ఫ్యాను ఆపిన గదిలో ముప్పై మంది విద్యార్థులతో ప్రాక్టికల్ చేయించిన వారికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. పైగా మన తీరపు తేమలో సోడియం హైడ్రాక్సైడు పలుకులు పళ్లెం మీదే నీరు పీల్చుకుని బరువెక్కుతుంటే చివరి అంకె పరుగెడుతూనే ఉంటుంది. ఆ అంకె కోసం డబ్బు కట్టడం దేనికి?

తప్పక అడగాల్సింది క్యాలిబ్రేషన్ (తెలిసిన కొలతతో పోల్చి సరిచేయడం) గురించి. ఎలక్ట్రానిక్ త్రాసు కొలిచేది పళ్లెం మీద పడే బలాన్ని. భూమి ఆకర్షణ అన్ని ఊళ్లలో ఒక్కలా ఉండదు. అక్షాంశం పెరిగే కొద్దీ పెరుగుతుంది, సముద్రమట్టం నుంచి ఎత్తుకు వెళ్లే కొద్దీ తగ్గుతుంది. అంబాలాలో సరిచేసిన త్రాసును అలాగే తెచ్చి శ్రీకాకుళంలో పెడితే 100 గ్రాముల గుండు సుమారు 70 మిల్లీగ్రాములు తక్కువ తూగుతుంది. నాలుగు స్థానాల త్రాసులో అది చివరి అంకెలో 700 మెట్ల తేడా. బెంగళూరు నుంచి తెస్తే తేడా రెండో వైపుకు, ఎక్కువ చూపించే దిశగా ఉంటుంది. అందుకే త్రాసుతో పాటు క్యాలిబ్రేషన్ గుండు కూడా ఇండెంటులో రాయండి, లేదా లోపలే గుండు ఉండి తనంతట తాను సరిచేసుకునే రకం అడగండి. గుండ్లకు తరగతులున్నాయి. ఎఫ్1 తరగతి 100 గ్రాముల గుండుకు అనుమతించే పొరపాటు 0.5 మిల్లీగ్రాము, ఎం1 తరగతికి 5 మిల్లీగ్రాములు. మూడు స్థానాల త్రాసుకు ఎఫ్1 తీసుకోండి. రెండు స్థానాల దానికి ఎం1 సరిపోతుంది. గుండును వేళ్లతో పట్టుకోవద్దు, చెమట కూడా తూగుతుంది.

త్రాసు వచ్చాక ఒకే గుండును పదిసార్లు పెట్టి తీసి అంకెలు రాయండి. ఆ పది అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే త్రాసు అసలు గుణం. తెర మీద ఎన్ని స్థానాలు కనిపిస్తున్నాయన్నది దుకాణదారుడి గుణం.

గాజు సామాను: గీత పక్కన అంకె చదవండి

బీకర్లు, కోనికల్ ఫ్లాస్కుల విషయంలో ఒకటే షరతు, బోరోసిలికేట్ 3.3 అయి ఉండాలి. ఆ 3.3 వేడికి గాజు వ్యాకోచించే లెక్క. మామూలు సోడా గాజు దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది, బర్నరు మీద పెడితే టప్పున పగులుతుంది. బీకరు మీద ఉన్న గీతలను కొలతగా నమ్మకండి. అవి ఉజ్జాయింపు కోసమే.

కొలిచే గాజు విషయానికి వస్తే బ్యూరెట్, పిపెట్, స్టాండర్డ్ ఫ్లాస్కు ఈ మూడే లెక్క. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌కు ఏ క్లాసులో అనుమతించే పొరపాటు 0.05 మిల్లీలీటరు, బి క్లాసులో 0.1. 25 మిల్లీలీటర్ల పిపెట్‌కు 0.03, 0.06. విద్యార్థులు రోజూ వాడి పగలగొట్టేవి బి క్లాసులో కొనండి. ప్రామాణిక ద్రావణాలు చేసే స్టాండర్డ్ ఫ్లాస్కులు, రెండు మూడు పిపెట్లు ఏ క్లాసులో కొని బీరువాలో విడిగా పెట్టండి.

గాజు మీద చిన్న అక్షరాల్లో ఉష్ణోగ్రత ముద్రించి ఉంటుంది. విదేశీ సామాను మీద 20 డిగ్రీలు, మన దేశ ప్రమాణంతో చేసిన వాటి మీద ఎక్కువగా 27 డిగ్రీలు. ఇది అలంకారం కాదు. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లున్న నీరు 32 డిగ్రీలకు చేరితే 100.3 అవుతుంది. ఏ క్లాసు ఫ్లాస్కుకు అనుమతించే పొరపాటు 0.1 మాత్రమే. మరి ఏసీ లేని గదిలో 20 డిగ్రీల ఫ్లాస్కు కోసం అదనంగా డబ్బు పెట్టడం ఎందుకు? 27 ముద్ర ఉన్నదే మన వాతావరణానికి దగ్గర.

పిపెట్‌ను సరిచూడటం చాలా సులువు. డిస్టిల్డ్ వాటర్‌ను గదిలో ఉంచి వేడి చూడండి. 30 డిగ్రీలుంటే 25 మిల్లీలీటర్ల పిపెట్ నుంచి దిగిన నీరు గాలిలో సుమారు 24.87 గ్రాములు తూగాలి. 25 గ్రాములు రావాలని ఎదురుచూసి పిపెట్‌ను తిట్టకండి. ఈ పరీక్షను విద్యార్థుల చేతనే చేయిస్తే ఒక ప్రాక్టికల్ కూడా పూర్తవుతుంది. కొలిచే గాజును ఓవెన్‌లో ఆరబెట్టవద్దని అటెండరుకు మొదటి రోజే చెప్పండి.

పీహెచ్ మీటరు, టీడీఎస్ పెన్ను

పీహెచ్ మీటరు కొనడమంటే ఎలక్ట్రోడు కొనడమే. పెట్టె పదేళ్లు ఉంటుంది, ఎలక్ట్రోడు బాగా చూసుకుంటే ఏడాది, రెండేళ్లు. కాబట్టి మొదట అడగాల్సింది ఈ ఎలక్ట్రోడు విడిగా దొరుకుతుందా, ఏ కంపెనీ ఎలక్ట్రోడైనా తగిలించుకునే బీఎన్‌సీ కనెక్టరు ఉందా అని. తన ఎలక్ట్రోడు తప్ప వేరేది పట్టని మీటరు వద్దు.

మార్చిలో కొనే వారికి ఒక ఉచ్చు ఉంది. ఎలక్ట్రోడు మార్చి చివర వస్తుంది, ఏప్రిల్‌లో పరీక్షలు, తర్వాత వేసవి సెలవులు. కాలేజీ తెరిచేసరికి మూత లోపలి ద్రావణం ఎండిపోయి, గాజు బుడగ నిర్జీవమై ఉంటుంది, వారంటీలో కొంత కూడా కరిగిపోయి ఉంటుంది. బిల్లు ఇప్పుడే కావాలన్నా ఎలక్ట్రోడునూ బఫర్లనూ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) కాలేజీ తెరిచాక పంపమని ఆర్డరులోనే రాయండి. అలా కుదరకపోతే సెలవులకు వెళ్లే ముందు 3 మోలార్ పొటాషియం క్లోరైడు ద్రావణంలో ముంచి మూత బిగించండి. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచే అలవాటు చాలాచోట్ల ఉంది. అది ఎలక్ట్రోడును కాపాడదు, లోపలి లవణాన్ని లాగేస్తుంది.

సరిచూసే పద్ధతి ఇది. 7, 4 బఫర్లతో క్యాలిబ్రేట్ చేయండి. తర్వాత 9.2 బఫరును తెలియని నీటి నమూనాలా చదవండి. బఫరు సీసా మీద ఆ వేడికి రాసి ఉన్న అంకెకు 0.05 అటూ ఇటూ వస్తే మీటరు మంచిది. 9.2 బఫరు మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని దిగజారుతుంది, అందుకే వాడిన బఫరును తిరిగి సీసాలో పోయవద్దు. స్లోపు (ఎలక్ట్రోడు స్పందన ఉండాల్సిన దానిలో ఎంత శాతం ఉందో చెప్పే అంకె) 95 శాతం కంటే పడిపోతే ఎలక్ట్రోడు శుభ్రం చేయండి, అప్పటికీ లేవకపోతే మార్చండి. ఉష్ణోగ్రతను తనంతట సరిదిద్దుకునే సౌకర్యం ఉండాలి. ఎలక్ట్రోడు స్పందన 25 డిగ్రీల దగ్గర పీహెచ్ అంకెకు 59.2 మిల్లీవోల్టులైతే 30 డిగ్రీల దగ్గర 60.2.

ఇప్పుడు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) పెన్ను. జేబులో పట్టే ఈ పెన్ను ఉద్దానం ఊళ్లలో ఇంటింటికీ చేరింది, ఆర్వో ప్లాంటు వాళ్లు దీన్ని ముంచి చూపించి నీళ్ల క్యాన్లు అమ్ముతారు. ఇది ఏం చెబుతుందో, ఏం చెప్పదో విద్యార్థులకు మీరే నేర్పాలి. ఇది కొలిచేది విద్యుత్ వాహకత. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఏదో ఒక గుణకంతో హెచ్చించి లవణాల అంకెగా చూపిస్తుంది. వాహకత 1413 మైక్రోసీమెన్లు ఉన్న నీటిలో ఒక పెన్ను 706 అంటే ఇంకో పెన్ను 989 అనవచ్చు, రెండూ చెడిపోలేదు, గుణకాలు వేరు. అందుకని వాహకతను మైక్రోసీమెన్లలో నేరుగా చూపించే మీటరే కొనండి. గుణకం మీరు వేసుకోవచ్చు. 25 డిగ్రీల దగ్గర 1413 రావాల్సిన ద్రావణాన్ని మీరే చేసుకోవచ్చు: ఆరబెట్టిన పొటాషియం క్లోరైడు 0.7456 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో.

సూక్ష్మజీవులున్నాయా, ఫ్లోరైడు ఎంత, పురుగుమందుల అవశేషాలున్నాయా అన్న వాటిలో ఒక్కదానికీ ఈ పెన్ను జవాబివ్వదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఒక్క మాటగా తేలలేదు. అలాంటి చోట పెన్ను మీద 60 చూపించి "ఈ నీళ్లు తాగితే జబ్బు రాదు" అనడం అన్యాయం. మీ ల్యాబ్ ఇచ్చే కాగితం మీద ఏం పరీక్షించారో ఎంత స్పష్టంగా రాస్తారో, ఏం పరీక్షించలేదో కూడా అంతే స్పష్టంగా రాయండి.

రంగును చదివే యంత్రాలు

ఇనుము, ఫ్లోరైడు, నైట్రేటు రంగు పరీక్షలతో తేలతాయి. ఇక్కడ మూడు మెట్లున్నాయి: ఫిల్టర్లతో పనిచేసే కలరీమీటరు, దృశ్య కాంతి స్పెక్ట్రోఫోటోమీటరు, అతినీలలోహిత కాంతి కూడా ఉన్న పెద్దది. కలరీమీటరు ఫిల్టరు వెడల్పైన రంగుపట్టీని లోపలికి వదులుతుంది. ఇనుము పరీక్షలో వచ్చే ముదురు నారింజ ఎరుపుకు అది చాలు. ఫ్లోరైడుకు వాడే స్పాడ్‌ఎన్‌ఎస్ (SPADNS అనే రంగు) పద్ధతిలో మాత్రం ఫ్లోరైడు పెరిగే కొద్దీ రంగు కొద్దికొద్దిగా వెలిసిపోతుంది. ఆ చిన్న తేడాను 570 నానోమీటర్ల దగ్గర కచ్చితంగా పట్టుకోవాలంటే స్పెక్ట్రోఫోటోమీటరు ఉండాలి.

మూడో మెట్టు ఎందుకంటే, నైట్రేటును 220 నానోమీటర్ల దగ్గర రంగు లేకుండానే చదవవచ్చు అంటారు. నిజమే. కానీ దానికి డ్యూటీరియం దీపం కావాలి, దాని ఆయుష్షు సుమారు వెయ్యి గంటలు. గాజు క్యువెట్లు (నమూనా పోసే చిన్న పాత్రలు) 340 కిందికి కాంతిని మింగేస్తాయి, కనుక క్వార్ట్‌జ్‌వి కావాలి, విద్యార్థి చేతిలోంచి జారితే ఒక్కోటి గుండెను కూడా పగలగొడుతుంది. నైట్రేటుకు ఫీనాల్ డైసల్ఫానిక్ ఆమ్లం పద్ధతి ఉంది, పసుపు రంగు వస్తుంది, 410 దగ్గర చదవవచ్చు. కొంత శ్రమ ఎక్కువ, ఆమ్లంతో జాగ్రత్త ఎక్కువ. అయినా చిన్న ల్యాబ్‌కు దృశ్య కాంతి యంత్రమే సరైన చోట ఆగడం అని నా అభిప్రాయం.

దీన్ని సరిచూడటానికి రెండు పనులు. అలలపొడవును 585 దగ్గర పెట్టి, క్యువెట్ ఉండే చోట తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టి చీకట్లో చూడండి. పసుపు మచ్చ కనిపించాలి. ఆకుపచ్చో ఎరుపో కనిపిస్తే యంత్రం తన అలలపొడవును మరిచిపోయినట్టు. రెండోది, ఐదు ప్రామాణిక ద్రావణాలతో గీత గీయండి. అది సూటిగా ఉన్నంత మేరే నమ్మండి. శోషణ (ద్రావణం మింగిన కాంతి లెక్క) 0.2 నుంచి 0.8 మధ్య వచ్చేలా నమూనాను పలుచన చేయడం అలవాటు చేయండి. దీపం వేశాక అరగంట ఆగాలి. హడావుడిలో అందరూ దాటేసే మెట్టు ఇదే.

మైక్రోస్కోపు

"2000 రెట్లు" అని రాసి ఉన్న డబ్బాను చూసి మోసపోకండి. కటకం పక్కన చెక్కి ఉండే న్యూమరికల్ అపర్చరు (కటకం ఎంత కాంతిని పోగుచేస్తుందో చెప్పేది) అంకెను వెయ్యితో హెచ్చిస్తే ఎంతో అంతవరకే పెద్దది చేయడంలో అర్థం ఉంది. 40 రెట్ల కటకం మీద సాధారణంగా 0.65, నూనె వేసి చూసే 100 రెట్ల దాని మీద 1.25 ఉంటాయి. అంటే 1250 రెట్ల తర్వాత బొమ్మ పెద్దదవుతుంది తప్ప కొత్త వివరం కనిపించదు. రొయ్యలకు సోకే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి బీజాలు ఒక మైక్రాన్ పైచిలుకు పొడవే, వాటిని చూడాలనుకునే కాలేజీకి 100 రెట్ల నూనె కటకం తప్పదు. అది చూసినంత మాత్రాన రోగనిర్ధారణ కాదు, దానికి పీసీఆర్ పరీక్ష కావాలి. ఉల్లిపొర కణాలు చూపించడానికైతే 40 వరకు చాలు.

మన తేమకు కటకాల మీద సాలెగూడు లాంటి బూజు పడుతుంది, ఒకసారి పూతను తిన్నదంటే కటకం పోయినట్టే. ప్లాస్టిక్ కవరు కప్పి వదిలేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. గాలి చొరని పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి, జెల్ రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడండి. దీపం ఎల్‌ఈడీ రకం తీసుకుంటే బల్బుల గొడవ ఉండదు.

మిగతావి

డిస్టిల్డ్ వాటర్ పరికరం గాజుది తీసుకోండి. లీటరు తయారీకి పది లీటర్లకు తగ్గకుండా చల్లార్చే నీరు పోతుంది, ఆ నీటిని పట్టి మళ్లీ వాడే ఏర్పాటు ముందే చేయండి. కఠిన జలమైతే లోపల సున్నపు పెచ్చు కడుతుంది. వచ్చిన నీటి వాహకత 5 మైక్రోసీమెన్ల లోపు ఉండాలి. ఆర్వో క్యాను నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కావు, ఎవరు చెప్పినా నమ్మకండి.

సెంట్రిఫ్యూజ్‌లో (గొట్టాలను గిరగిర తిప్పి మడ్డిని వేరుచేసే యంత్రం) నిమిషానికి ఎన్ని చుట్లో చూసి కొనవద్దు. తలకాయ వ్యాసార్ధం కూడా అడగండి. నిమిషానికి 3000 చుట్ల దగ్గర 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్నది భూమ్యాకర్షణకు వెయ్యి రెట్ల బలం ఇస్తే, 15 సెంటీమీటర్లది పదిహేను వందల రెట్లు ఇస్తుంది. మూత తెరిస్తే ఆగిపోయే తాళం లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఆటోక్లేవ్‌కు (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పాత్ర) చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 15 నిమిషాలు కావాలి. కొద్ది సీసాలకైతే మంచి వంట ప్రెషర్ కుక్కరే ఆ పని దాదాపుగా చేస్తుంది, కాస్త ఎక్కువసేపు ఉంచితే సరి. నీటిలో సూక్ష్మజీవులు చూడాలనుకుంటే 37 డిగ్రీలను నిలకడగా పట్టుకునే ఇంక్యుబేటరు కావాలి. లోపల నాలుగు మూలలా థర్మామీటర్లు పెట్టి చూడండి, డబ్బా ముందున్న అంకెను కాదు.

గది, కరెంటు, ఉప్పుగాలి

పరికరాల లిస్టు పక్కనే ఇంకో లిస్టు ఉండాలి: గదికి కావాల్సినవి. మొదటిది ఎర్తింగ్. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి, రెండు మూడు వోల్టులు దాటితే యంత్రాల కంటే ముందు గుంత తవ్వించాలి. త్రాసు, స్పెక్ట్రోఫోటోమీటరు, పీహెచ్ మీటర్లకు ఆన్‌లైన్ యూపీఎస్ ఇవ్వండి. ఓవెన్, హాట్ ప్లేట్, డిస్టిల్డ్ వాటర్ పరికరం లాంటి కిలోవాట్లు తాగే వాటిని దాని మీద పెట్టకండి, వాటికి విడి లైను వేయించండి.

రెండోది సముద్రం. కళింగపట్నం, భావనపాడు వైపు కాలేజీల్లో ఇనుప స్టాండులు ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టేస్తాయి. స్టీలు లేదా పూత వేసినవి అడగండి. ఆమ్లాల బీరువానూ పరికరాల బీరువానూ ఒకే గదిలో పెట్టకండి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి ఉప్పుగాలి కంటే త్వరగా సర్క్యూట్లను తినేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. అక్టోబరు వస్తుందంటే ఖరీదైన యంత్రాలను కిటికీల పక్కనుంచి లోపలి గోడకు జరపండి, ప్లగ్గులు పీకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను, కళ్లు కడుక్కునే కుళాయి, మంటలార్పే సిలిండరు, కళ్లద్దాలు. వీటికి డబ్బు మిగలలేదంటే పైన ఏదో ఒక పరికరం తీసేయాల్సిందే.

ఒక మాట హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే ఖరీదైన యంత్రం) గురించి. పైడిభీమవరం మందుల పరిశ్రమల్లో మన విద్యార్థులకు ఉద్యోగాలు రావాలంటే కాలేజీలో అది ఉండాలన్న వాదన వింటూనే ఉన్నాం. కొనడానికి డబ్బు ఒకసారి వస్తుంది. కాలమ్‌లకు, శుద్ధమైన ద్రావకాలకు, సర్వీసుకు ఏటేటా రావాలి. అది రాని కాలేజీలో యంత్రం గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. త్రాసు ముందు నిలబడి తూకాన్ని సరిగా రిజిస్టరులో రాసే విద్యార్థికి ఆ యంత్రం పరిశ్రమలో చేరాక నేర్పుతారు.

ఇండెంటు ఎలా రాయాలి, సరుకు ఎలా తీసుకోవాలి

"త్రాసు, మంచిది, 1" అని రాస్తే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడు తన గోదాములో మిగిలిందే పంపుతాడు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొన్నా అంతే. కొలవగలిగిన మాటల్లో రాయండి. త్రాసుకైతే ఇలా: గరిష్ఠ బరువు 200 గ్రాములకు తగ్గకూడదు, చూపే కనీస అంకె 0.001 గ్రాము, ఒకే గుండు పదిసార్లు తూచినప్పుడు తేడా 0.002 లోపు ఉండాలి, ఎఫ్1 తరగతి గుండు జతచేయాలి, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మా గదిలో బిగించి చూపించాలి, వారంటీ బిగించిన తేదీ నుంచి లెక్క. చివరి షరతు మరవకండి, లేకపోతే అది బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది.

సర్వీసు ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తారో రాతపూర్వకంగా అడగండి. విశాఖలో మనిషి ఉన్న కంపెనీకి, హైదరాబాద్ నుంచి పంపుతామనే కంపెనీకి ధరలో కొంత తేడా ఉన్నా విశాఖ వైపే మొగ్గండి. బఫర్లు, క్యువెట్లు, ఎలక్ట్రోడు, దీపం, ఫ్యూజులు లాంటి ఏటేటా అయిపోయేవాటికి మొత్తంలో అయిదో వంతైనా పక్కన పెట్టండి.

పెట్టె వచ్చిన రోజు డ్రైవరు తొందరపెడతాడు. పెట్టె పైన సొట్టలుంటే ఫోటో తీసి, రసీదు మీద ఆ మాట రాసి సంతకం పెట్టండి. సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరూ యంత్రం వెనకున్న నంబరూ ఒకటేనా చూడండి, కానివి కూడా వస్తుంటాయి. బిగించడానికి వచ్చిన ఇంజినీరు వెళ్లే ముందే పది తూకాలు, మూడో బఫరు, పసుపు మచ్చ పరీక్షలు ఆయన ఎదుటే చేయించండి. మీతో పాటు ల్యాబ్ అసిస్టెంటు పక్కన ఉండాలి, రేపటి నుంచి దాన్ని వాడేది ఆయనే. అంకెలన్నీ రాసిన కాగితం మీద ఇంజినీరు సంతకం తీసుకుని స్టాకు రిజిస్టరుకు అతికించండి. ఆ తర్వాతే బిల్లు మీద మీ సంతకం. ప్రతి నెలా మొదటి వారంలో అవే పరీక్షలు మళ్లీ చేసి ఆ కాగితంతో పోల్చండి, అంకె తప్పిన పరికరం మీద ఎర్ర చీటీ అంటించి, సీరియల్ నంబరుతో అదే రోజు సర్వీసుకు రాయండి.